దీమం బాతుల కొలువు

ఆ ఏడాది ఆగస్టు చివరి వారం నుంచి దసరా వెళ్ళేదాకా మా ఇంట్లో భోజనాల బల్ల మీద ఎవరమూ భోజనం చేయలేదు. మొదట దాని మీద పన్నెండు బాతులు ఉండేవి; తరువాత పసుపూ కుంకుమా పళ్ళేలూ ఉండేవి.

ప్రాణమున్న బాతులు కావు. సీసా బిరడాలకు వాడే కార్కుతో ఒళ్ళు, పైన్ చెక్కతో తల చెక్కి, రంగులు వేసిన బొమ్మ బాతులు. వేటగాళ్ళు తెల్లవారకముందే వీటిని చెరువులో వదులుతారు. ఆకాశంలో పోయే నిజం బాతులు వీటిని చూసి, తమవాళ్ళు ఇంత నిశ్చింతగా తేలుతున్నారంటే ఇక్కడ భయమేమీ లేదనుకొని కిందికి దిగుతాయి. ఆ తరువాత జరిగేది చెప్పనక్కరలేదు. మన వేటగాళ్ళు ఇటువంటి ఎరను దీమం అనేవారు.

వయసులో ఉన్నప్పుడు నేను గుంటూరులో రసాయన శాస్త్రం పాఠాలు చెబుతూ, ఆదివారాలు మిత్రులతో కలిసి పల్లెలు తిరిగి, బాబాల మహిమల గుట్టు విప్పేవాణ్ణి. నాలుక మీద కర్పూరం వెలిగించేవాణ్ణి. పసుపు నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ మీద, సున్నపు తేటలో తడిపిన అరచెయ్యి అద్ది, జనం అమ్మవారి నెత్తుటి చేయిగా మొక్కేది ఇదేనని చూపించేవాణ్ణి. తరువాత మెల్బోర్న్ వచ్చి, ఒక రంగుల కర్మాగారం ప్రయోగశాలలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసి విరమించాను. అటువంటివాణ్ణి డెబ్బై రెండో ఏట, మోసం చేయడానికే పుట్టిన పన్నెండు బొమ్మలకు పరిచర్య చేస్తూ కూర్చోవడంలోని వింత నాకు తెలియక కాదు. వాటి యజమానురాలు నోరీన్ అడిగిన తీరు అలాంటిది.

మెల్బోర్న్ శివారు ట్రుగనీనాలో మా ఇంటికి దగ్గరలో మెన్స్ షెడ్ ఉంది. ఉద్యోగాలు విరమించిన మగవాళ్ళు అక్కడ చేరి చెక్క పని చేసుకుంటారు, టీ తాగుతారు, మోకాళ్ళ గురించి మాట్లాడుకుంటారు. రంగుల సందేహాలు తీర్చేవాడిగా నాకు అక్కడ ఒక కుర్చీ ఉంది. ఒక మంగళవారం నోరీన్ రెండు అరటిపళ్ళ అట్టపెట్టెలను చక్రాల బండి మీద తోసుకుంటూ నేరుగా ఆ కుర్చీ ముందుకు వచ్చింది. ఎనభై ఆరేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా ఉంది.

"రంగుల డాక్టరువు నువ్వేనా?" అంది. ఆమె మాట్లాడింది ఇంగ్లీషే. నా చెవికి మాత్రం మొదటి రోజు నుంచీ చనువైన 'నువ్వు'గానే వినిపించింది.

"డాక్టరును కానండీ. రసాయనికుణ్ణి."

"ఏదైతేనేం లవ్, రోగులు వీళ్ళు." ఎదుటివాళ్ళు ఎవరైనా ఆమెకు 'లవ్'లే.

పెట్టెలు తెరిచింది. పన్నెండూ ఈ దేశపు నల్ల బాతులు: గోధుమ వన్నె ముఖం, కంటి మీదుగా ఒకటి, దవడ మీదుగా ఒకటి, మొత్తం రెండు నల్లని చారలు, రెక్క మీద ఆకుపచ్చ మరక. ముక్కులు పెచ్చులూడి, వీపుల మీద ఏళ్ళనాటి దుమ్మూ జిడ్డూ పేరుకొని ఉన్నాయి.

చుట్టూ కొత్త కాలనీలు లేచినా మధ్యలో మిగిలిపోయిన ఒక పాత పొలం ఇల్లు ఆమెది. భర్త లెస్ సిమెంటు మేస్త్రీ. ఆ చుట్టుపక్కల పాత ఇళ్ళలో సగం గచ్చులు ఆయన చేసినవే. నాలుగేళ్ళ కిందట పోయాడు. అక్టోబరు పద్దెనిమిదిన ఆమె వెర్రిబీలోని వృద్ధుల నివాసానికి మారిపోతోంది.

"గదికి ఒకటే కిటికీ" అంది. "కిటికీ గట్టు మీద నా కళ్ళజోడూ రేడియో పోగా ఒక్క బాతుకు చోటుంది. మిగతావి మా అబ్బాయి వేలానికి ఇస్తాడు. వాడు బ్రిస్బేన్‌లో ఉన్నాడు, వాడికి బాతులొద్దు."

"మీకు నచ్చినది ఒకటి ఉంచుకోండి."

"నచ్చినది కాదు. మొదటిది కావాలి."

పెళ్ళయిన తరువాత వచ్చిన మొదటి చలికాలంలో, అరవై మూడేళ్ళ కిందట, వంటింటి బల్ల మీద లెస్ మొదటి బాతును చెక్కాడట. ఆ ముఖం మీది రెండు గీతలు ఆమె దిద్దిందట. మరుసటి ఏడు ఆయన అదే కొలతతో ఇంకో పదకొండు చేశాడు. అప్పటి నుంచీ ప్రతి ఏటా వేట కాలం మొదలయ్యే ముందు, మార్చి నెలలో, షెడ్డులో కూర్చుని పన్నెండింటికీ మళ్ళీ రంగు వేసేవాడు. పొరల మీద పొరలు. ఆమె గీతలు ఎక్కడో అడుగున ఉండిపోయాయి.

"మొదటిది ఏదో మీ ఆయన్ను అడగలేదా?"

"అడుగుదామనుకుంటూనే ఉన్నాను. చాలా టైముందనుకున్నాను, లవ్."

పక్కనున్న పెద్దమనిషి ఒకాయన, గరుకు కాగితంతో గీకి చూస్తే సరి అన్నాడు. నోరీన్ ఆయన వైపు చూసిన చూపుకు ఆయన టీ కప్పు పట్టుకొని అవతలికి వెళ్ళిపోయాడు.

"గీకితే లెస్ వేసిన రంగు పోతుంది" అంది నాతో.

వేలం సంస్థ తరఫున విలువ కట్టే బ్రెట్ అనే అతను కూడా ఫోనులో ఆ మాటే మరో విధంగా చెప్పాడు. ఈ బాతుల విలువ కొత్తగా మెరవడంలో లేదు. వేటగాడు తన చేత్తో వేసుకొని, రెల్లు గడ్డిలో ఒరుసుకొని అరిగిన ఆ రంగులోనే ఉంది. జిడ్డు తీయండి, ఊడిన ముక్కులు అతకండి, మళ్ళీ వెనక్కి తీసుకోలేని పని మాత్రం ఏదీ చేయకండి అన్నాడు. అందులో నాకు అభ్యంతరం కనిపించలేదు. నా జీవిత సూత్రం కూడా దాదాపు అదే.

*

బాతులను బల్ల మీద వరసగా పెట్టి, మెడలకు ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెల చీటీలు కడుతూ ఉండగా నా భార్య లీల వచ్చి నిలబడింది.

"ఏమండీ, వీళ్ళు ఎన్నాళ్ళుంటారు?"

"ఆరు వారాలు."

"మనం ఎక్కడ తినాలి?"

"సోఫాలో."

ఆమె కాసేపు ఆలోచించింది. లీల ఆలోచిస్తున్నప్పుడు నేను జాగ్రత్తపడాలి. నలభై నాలుగేళ్ళుగా పడుతూనే ఉన్నాను. ఇంట్లో పూజలూ వ్రతాలూ ఉండవని పెళ్ళికి ముందే చెప్పాను. ఆమె ఒప్పుకుంది. కాని కొండపల్లి బొమ్మల పెట్టె ఒకటి వెంట తెచ్చుకుంది. అది గుంటూరులో అటక మీద, ఇక్కడ గరాజులో, ఏనాడూ తెరవకుండా ఉండిపోయింది. ఓడలో సామాను పంపేటప్పుడు దాని మీద 'అత్యవసరం కానివి' అని రాసింది నేనే.

"పక్కింటి స్పందన అడుగుతోంది" అంది లీల. "'మీ దిక్కు బొమ్మల కొలువు పెడతరట గద ఆంటీ, నాకొక్కసారి చూపియ్యరా' అని. ఆ పిల్ల కరీంనగర్ నుంచి వచ్చి మూడేళ్ళయింది, పండగంటే వీడియో కాలే. నా బల్ల మీద మీ బాతులు ఆరు వారాలు కూర్చుంటే, మీ షెడ్డు చెక్కతో నాకు తొమ్మిది మెట్లు చేసిపెట్టాలి."

"తొమ్మిదే ఎందుకు?"

"బేసి సంఖ్య ఉండాలి."

"బేసి సంఖ్యే ఉండాలనడానికి ఆధారం?"

"బల్ల" అంది లీల.

ఆ ఆధారం తిరుగులేనిది. తొమ్మిది మెట్లకు ఒప్పుకున్నాను.

మరుసటి రోజు నుంచి పని మొదలైంది. ప్రతి బాతునూ తూచాను. పొడవు, వెడల్పు, మెడ వంపు కొలిచాను. నీటిలో ఒరిగిపోకుండా అడుగున మేకులతో కొట్టిన సీసపు పట్టీల పొడవు కూడా పట్టికలో రాశాను. పదకొండు బాతులు ఆరువందల పది నుంచి ఆరువందల యాభై అయిదు గ్రాముల మధ్య తూగాయి. నాలుగో నంబరు ఒక్కటి ఏడువందల తొంభై తూగింది. పగుళ్ళలోంచి నీరు పీల్చుకొని ఉంటుందని పక్కన రాసి, దాన్ని లెక్కలోంచి తప్పించాను.

దుమ్ము కుంచెతో పోయింది. జిడ్డు పోలేదు. దానికి నాకు తెలిసిన ఉత్తమ ద్రావణం నాలుక మీదే ఉంది. దూది చుట్టిన పుల్లను నోట్లో తడిపి, మూడో నంబరు వీపు మీద మెల్లగా దొర్లిస్తున్నాను. వంటింట్లోంచి లీల కేక వినిపించింది.

"ఏం చేస్తున్నారు మీరు? ఉమ్మితో తుడుస్తున్నారా?"

"ఉమ్మిలో ఎంజైములు ఉంటాయి. రంగును కరిగించకుండా జిడ్డును మాత్రమే విడదీస్తాయి. పెద్ద పెద్ద మ్యూజియాల్లో పాత చిత్రపటాలను ఇలాగే శుభ్రం చేస్తారు."

"మ్యూజియాల్లో ఎంగిలీ మడీ ఉండవు కాబోలు. అయ్యో, నేను వీటిని కింది మెట్టు మీద పెడదామనుకున్నానే!"

నా చేతిలో పుల్ల ఆగింది. "వీటినా? కొలువులోనా?"

"అద్దం పడుకోబెట్టి, చుట్టూ ఆవాల మొలకలు పెడితే చెరువులా ఉంటుంది. నోరీన్ కూడా పన్నెండింటినీ ఒక్కచోట చివరిసారి చూసుకుంటుంది. పేరంటానికి పిలిచాను."

"ప్రాణులను చంపడానికి వాడిన బొమ్మలు లీలా. నీకు పట్టింపు లేదా?"

"చంపింది బాతులా? పాపం, అవి కూర్చున్నాయి, అంతే" అంది. "కాని ఎంగిలి బాతులు మాత్రం నా కొలువులో కూర్చోవు. ఏం చేయాలో నేను చూసుకుంటాను."

"ఏం చేసినా పైన రంగును ముట్టుకోకూడదు. వేలు కూడా తగలకూడదు. మాట ఇవ్వు."

"పైన ముట్టుకోను" అంది. అన్నమాట ప్రకారమే చేసింది కూడా. ఆ సంగతికి తరువాత వస్తాను.

*

సెప్టెంబరు మూడో వారానికి నేను ఒక నిర్ణయానికి వచ్చాను. నా తర్కం సరళమైనది: ఎవరికైనా మొదటి పని చేతకాని పనిగానే ఉంటుంది. ఏడో నంబరు బాతుకు ముక్కు వంకర. మెడ దగ్గర ఉలి జారిన గాట్లు మూడు. ఎడమ రెక్క కుడిదానికన్నా నాలుగు మిల్లీమీటర్లు కిందికి ఉంది. మిగతా వాటిలో ఇన్ని లోపాలు ఒక్కదానిలోనూ లేవు. మూడు పేజీల నివేదిక రాసి, నోరీన్‌ను ఇంటికి పిలిచి, ఏడో నంబరును ఆమె చేతిలో పెట్టాను.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. బొటనవేలితో కంటి గీతను తడిమింది. నివేదికలో మొదటి పేజీ మర్యాదగా చదివింది.

"కావచ్చు, లవ్" అంది.

టీ తాగింది. ఫుట్‌బాల్ ఫైనల్ గురించి మాట్లాడింది. వెళ్ళేటప్పుడు బాతును బల్ల మీదే ఉంచి, "ఇంకా టైముంది కదా, ఇక్కడే ఉండనీ" అంది. ఆమె కారు మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడ్డాను.

మా అమ్మాయి వీణ ఒక గోదాముల సంస్థలో ఇంజినీరు. మాతోనే ఉంటుంది. సోఫాలో పళ్ళెం పెట్టుకొని అంతా చూస్తోంది.

"షీ డిడ్‌న్ట్ బై ఇట్, నాన్నా" అంది. "నీ కాన్ఫిడెన్స్ ఎంత అసలు?"

"తొంభై శాతం."

"ఆవిడది జీరో. లెస్‌కి ఒక రోజు మూడ్ బాగాలేక కూడా వంకరగా చెక్కి ఉండొచ్చు కదా?" నా పట్టిక తీసుకొని వేలితో కిందికి జరుపుకుంటూ వెళ్ళింది. "ఈ నాలుగోది ఎందుకు కొట్టేశావు?"

"మిగతావాటితో పోల్చడానికి వీల్లేనంత బరువుంది. నీరు పట్టింది."

"నెల రోజుల నుంచి హీటర్ పక్కన ఉంది. ఇంకా ఆరలేదా?"

జవాబు తెలిసినవాడిలా ముఖం పెట్టి, మెట్లకు మేకులు కొట్టడానికి గరాజులోకి వెళ్ళాను. ఇరవై తొమ్మిదేళ్ళపాటు కుర్ర రసాయనికులకు చెప్పిన మొదటి పాఠం అదే: పట్టికలో ఇమడని అంకెను తుడిచేయకండి, అది మీకేదో చెబుతోంది. పాఠం చెప్పినవాడికి మినహాయింపు ఉంటుందని ఎప్పుడనుకున్నానో నాకే తెలియదు.

*

నవరాత్రుల మొదటి రోజు గురువారం. ఉదయం నడక నుంచి తిరిగి వచ్చాను. దసరా రోజులు ఇక్కడ వసంతం; ఈ కాలంలో మ్యాగ్‌పై పక్షులు గూడు దగ్గరికి ఎవరు వచ్చినా నెత్తి మీదికి దూకుతాయి. అందుకని సైకిల్ హెల్మెట్ పెట్టుకొని నడుస్తాను. ఆ హెల్మెట్‌తోనే పెరటి తలుపు తీశాను.

వరండాలో పాత దుప్పటి మీద పన్నెండు బాతులూ వెల్లకిలా పడుకొని ఉన్నాయి. పన్నెండు పొట్టలూ, శుక్రవారం గడపకు పూసినట్టు, దట్టంగా పసుపు పచ్చగా ఉన్నాయి. లీల చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి.

నేను ఏమన్నానో ఇక్కడ రాయను. హేతువాదులు వాడవలసిన భాష కాదది.

"ఎందుకు అరుస్తారు?" అంది లీల. "పైన ముట్టుకోవద్దన్నారు. ముట్టుకోలేదు. కిందేగా పూశాను?"

"అసలు ఎందుకు పూశావు?"

"నెల రోజులు ఉమ్మి పూశారు మీరు. శుద్ధి చేయకుండా బొమ్మల పక్కన కూర్చోబెట్టమంటారా?"

హెల్మెట్ తీసి మెట్టు మీద కూలబడ్డాను. వెనక్కి తీసుకోలేని పని ఏదీ చేయకండి అన్నాడు బ్రెట్. ఆలోచించాను. పసుపు రంగు ఎండకు నిలవదు; చీర మీద పడ్డ పసుపు మరకను ఎండలో ఆరేసి పోగొట్టడం మా అమ్మకు కూడా తెలుసు. నాలుగైదు రోజులు పొట్టలను ఎండకు పెడితే చాలావరకు పోతుంది. ఊపిరి పీల్చుకున్నాను.

"కంగారు తగ్గిందా?" అంది లీల. "అయితే ఇటు చూడండి. ఈ నాలుగోదానికి నేను కుంకుమ పెట్టలేదు."

నాలుగో నంబరు పొట్ట మీద, సీసపు పట్టీకి కాస్త ముందుగా, పసుపు ఎర్రబడుతోంది. మేము చూస్తూ ఉండగానే, పాత రంగు పగుళ్ళ వెంట సన్నటి ఎర్ర చారలు బయలుదేరి ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి.

"చెప్పండి హేతువాది గారూ" లీల నడుం మీద చేతులు పెట్టుకొని నవ్వుతోంది. "బాతుకు పూనకం ఎందుకొచ్చింది?"

నాకు చప్పున తోచలేదు. ఇది సత్యం గనుక రాస్తున్నాను. తరువాత, దాదాపు యాభై ఏళ్ళ కిందట పల్లెల్లో వేదికల మీద నేనే అద్దిన ఎర్రని అరచేయి కళ్ళ ముందు కనిపించింది.

"లీలా, ఇంట్లో సున్నం ఉందా? పసుపులో గాని, గిన్నెలో గాని?"

"మనింట్లో తాంబూలం వేసుకునేవాళ్ళెవరు? సున్నం ఎక్కడిది?"

అయితే సున్నపు గుణం బాతులోంచే వస్తోంది. కార్కులో ఉండదు. సీసంలో ఉండదు. సిమెంటులో ఉంటుంది. అరవై ఏళ్ళకు సిమెంటు పైపొర గాలికి చప్పబడిపోవచ్చు. లోపలి ముద్దలో ఆ క్షారం మిగిలే ఉంటుంది, తడి తగిలితే పగుళ్ళ వెంట బయటికి వస్తుంది. నూట యాభై గ్రాముల అదనపు బరువు నీరు కాదు. సీసం కొనుక్కునే తాహతు లేని ఒక కుర్ర మేస్త్రీ, తన చేతిలో ఎప్పుడూ ఉండే సరుకుతో మొదటి బాతును నీటి మీద నిలబెట్టాడు. తరువాతెప్పుడో, మిగతావాటితో సమంగా కనిపించాలని, దానికీ సీసపు పట్టీ కొట్టాడు.

భూతద్దం తెచ్చాను. ఆ ఎరుపులో ఒక క్రమం ఉంది. బయట ఒక ఎర్ర వలయం, లోపల నిండుగా ఎర్రటి బిళ్ళ, రెండింటి మధ్య దారమంత సన్నటి పసుపు గీత. ఆ గీత ఎర్రబడలేదు. అది పరిపూర్ణమైన వృత్తం. ఉలితో గాని చేత్తో గాని సాధ్యమయ్యేది కాదు. సిమెంటు ముద్దలో ఏదో గుండ్రటి వస్తువు అంచు పైకి ఉంది. వెర్నియర్ కొలబద్ద పెట్టి కొలిచాను. నలభై ఆరు మిల్లీమీటర్లు.

"నోరీన్‌కు ఫోను చేస్తాను" అని లేచాను.

"ఫోనులో చెప్పే సంగతా ఇది?" అంది లీల. "సాయంత్రం వస్తోందిగా. ముందు స్నానం చేసి రండి. హెల్మెట్ పెట్టుకొని మాట్లాడుతున్నారు మళ్ళీ."

నిజమే. ఎప్పుడు పెట్టుకున్నానో తెలియదు.

*

సాయంత్రం అయిదింటికి ఎండ ఇంకా కిటికీల్లోంచి పడుతోంది. తొమ్మిది మెట్ల మీద తెల్లని పంచె పరిచి, పైన దశావతారాలు, కింద తాడెక్కే మనిషి, అంబారీ ఏనుగు, పెళ్ళి వారి మేళం, తాటి చెట్లు. నలభై నాలుగేళ్ళ చీకటి తరువాత కూడా ఆ రంగులు చెక్కుచెదరలేదు. చెట్ల బంకా ఖనిజాల రంగులూ, మంచి పనితనం. అన్నిటికన్నా కింది మెట్టు మీద అద్దపు చెరువు, ఆవాల మొలకల గట్టు, పన్నెండు నల్ల బాతులు.

స్పందన పట్టుచీరలో వచ్చింది. "వామ్మో ఆంటీ, ఎంత ముద్దుగున్నయి! ఈ మెట్లు అంకుల్ చేసిండా? నిజంగనే?"

"బల్ల కోసం చేశారమ్మా" అంది లీల.

నోరీన్ నీలం కార్డిగన్ వేసుకొని, చేతిలో నిమ్మకాయ కేకుతో వచ్చింది. చెరువు ముందు చాలాసేపు వంగి నిలబడింది. "లెస్ వీళ్ళను ఇంత శుభ్రంగా ఎన్నడూ చూడలేదు" అంది. వీణ కుర్చీ తెచ్చి వేసింది.

నేను నాలుగో నంబరును తీసి, పొట్ట పైకి తిప్పి, ఆమె ఒళ్ళో పెట్టాను.

"నోరీన్, నేను చెప్పిన ఏడో నంబరు తప్పు. దీన్ని చూడండి. దీని పొట్టలో సిమెంటు ఉంది. ఆ సిమెంటులో గుండ్రటి అంచున్న వస్తువు ఉంది. సన్నటి గోడ; పింగాణీయో గాజో అయి ఉంటుంది. సిమెంటు కాదు గనుక అక్కడ పసుపు ఎర్రబడలేదు. అడ్డుకొలత నలభై ఆరు మిల్లీమీటర్లు."

"నలభై ఆరంటే ఎంత? చేత్తో చూపించు."

బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించాను. ఆమె ఆ ఖాళీలోంచి నన్ను చూసింది. తరువాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకొని లీల ముందుకు వచ్చింది.

నోరీన్ నవ్వుతోంది. నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసేసింది.

"ఎగ్ కప్పు" అంది. "దొంగ వెధవ! నా ఎగ్ కప్పు!"

ఉడికించిన గుడ్డును నిలబెట్టుకొని తినడానికి వాడే చిన్న పింగాణీ గిన్నె అది. పెళ్ళికి వాళ్ళమ్మ నీలం గీతవి ఆరు ఇచ్చిందట. మొదటి చలికాలంలో ఒకటి కనపడకుండా పోయింది.

"నేను మా చెల్లెలు డాట్‌ను అనుమానించాను. ప్రతి క్రిస్మస్‌కూ మా ఇంట్లో అయిదే ఎగ్ కప్పులని దాని ముందు ఎత్తిపొడిచాను. అది పోయేదాకా! లెస్ పక్కనే కూర్చుని తల ఊపేవాడు. 'డాట్ చేతులు ఊరికే ఉండవు' అని కూడా అన్నాడొకసారి!"

"సిమెంటు పోయడానికి మూసగా వాడి ఉంటాడు" అన్నాను. "గట్టిపడిన తరువాత ఊడి రాలేదు. పగలగొడితే మీకు తెలుస్తుంది. కప్పుతో సహా పూడ్చేశాడు."

"అందుకేనా అరవై ఏళ్ళూ నాకు ఏది మొదటిదో చూపించలేదు" అంది నోరీన్.

"అయినా ఇది ఊహ మాత్రమే" అన్నాను. "నిర్ధారణ కావాలంటే మిగిలిన కప్పుల్లో ఒకదాన్ని కొలవాలి."

"నాకేం అక్కర్లేదు, లవ్. నీకే కావాలి."

నాకు కావాలి. వీణ కారులో నోరీన్ ఇంటికి వెళ్ళి పావుగంటలో టీ తువ్వాలులో చుట్టిన ఎగ్ కప్పుతో తిరిగి వచ్చింది. వెర్నియర్ నలభై ఆరు దగ్గర ఆగింది. కప్పును బోర్లించి బాతు పొట్ట మీది గీత మీద పెట్టాను. వెంట్రుకంత తేడా లేదు. గదిలో చప్పట్లు మోగాయి. స్పందన ఫోను నా ముఖం మీదికి తిప్పింది.

"అంకుల్, గిట్ల నవ్వంగ మిమ్మల్ని ఇదే ఫస్ట్ టైం చూసుడు. మల్లోసారి నవ్వుండ్రి, ఫోటో షేక్ అయింది."

నోరీన్ బాతును రెండు చేతులా పట్టుకొని ఉంది. "ఎలా కనుక్కున్నావు?" అని అడిగింది.

"నేను కాదు, లీల కనుక్కుంది" అన్నాను.

లీల అరటిపళ్ళ పళ్ళెం పట్టుకొని నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయడానికి నా దగ్గర కొలతలు లేవు. వంగి నోరీన్ చేతిలో తాంబూలం పెడుతూ, "పూసింది నేను, చదివింది ఆయన" అంది మామూలుగా.

*

దసరా తరువాత పదకొండు బాతులు మా పెరట్లో నాలుగు రోజులు వెల్లకిలా ఎండకాగాయి. కంచె అవతలి నుంచి చూసినవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలియదు. ఆ పదకొండింటిలో ఏడో నంబరును నోరీన్ నాకు ఇచ్చేసింది. "నీకు అంత నమ్మకం కుదిరింది కదా, నీ దగ్గరే ఉండాలి" అంది. అది ఇప్పుడు నా రాతబల్ల మీద, వంకర ముక్కుతో, నేను రాసే ప్రతి వాక్యాన్నీ చూస్తూ ఉంటుంది.

మిగిలిన పదింటినీ చూడడానికి బ్రెట్ వచ్చాడు. ముక్కుల అతుకులు మెచ్చుకున్నాడు. లెస్ రంగు ఎక్కడా చెదరలేదని, విలువ తాను ముందనుకున్నదానికన్నా పైనే పలుకుతుందని అన్నాడు. బాతులు ఏ స్థితిలో ఉన్నాయో తెలిపే పత్రం మాత్రం నేనే నింపాలన్నాడు. ఉన్నది ఉన్నట్టు నింపాను. ఉపరితలం: లాలాజలంతో శుభ్రపరచబడినది. కింది భాగం: పసుపు జాడలు; ఉద్దేశం: శుద్ధి.

బ్రెట్ రెండుసార్లు చదివాడు. "శుద్ధి దేని నుంచి?"

"నా నుంచి" అన్నాను. సంతకం పెట్టి ఇచ్చాను.

గరాజులో బొమ్మల పెట్టె మీది పాత అక్షరాలు గరుకు కాగితంతో గీకేశాను. వెనక్కి తీసుకోలేని పని, తెలిసే చేశాను.

నోరీన్ కొత్త గదిలో కిటికీ గట్టు మీద కళ్ళజోడు పెట్టె, రేడియో, నాలుగో నంబరు బాతు ఉన్నాయి. బాతు వెల్లకిలా ఉంటుంది. పొద్దున వచ్చే నర్సు పడిపోయిందనుకొని సరిగ్గా నిలబెడుతుంది. ఆమె వెళ్ళగానే నోరీన్ మళ్ళీ తిప్పేస్తుంది. ఆ ఎర్ర వలయం, మధ్యలో తన ఎగ్ కప్పు అంచు, మంచంలోంచి కనిపించాలి.

ఆ కిటికీకి మధ్యాహ్నమంతా ఎండ. పసుపు ఎండకు నిలవదని ముందే చెప్పాను. మూడు వారాలు తిరిగేసరికి వలయం వెలిసిపోతుంది. అందుచేత నెలకొక శుక్రవారం మేమిద్దరం వెర్రిబీ వెళతాము. లీల చిన్న గిన్నెలో పసుపు కలిపి బాతు పొట్టకు మళ్ళీ పూస్తుంది. కారు నడిపేది కూడా ఆమే; నేను పసుపు డబ్బా ఒలకకుండా ఒడిలో పట్టుకొని పక్కన కూర్చుంటాను, దిగి నడిచేటప్పుడు మ్యాగ్‌పైలు వస్తున్నాయేమో చూసి ఆమెకు చెబుతాను.